వల దించిన చెయ్యి

చప్పట్లు కొట్టారండీ అందరూ, పోయిన శనివారం. మీరూ కొట్టారు, ప్రూయిట్ గారూ, కాదనకండి. ఈ అద్దాల గదిలో నిలబడే కొట్టారు, కింద గ్యాలరీలోంచి నేను తలెత్తి చూశాను. మైకులో ఒకటే అరుపు. "లోవెల్ సిగ్మన్ కారు కిటికీ వల దించాడు! కుర్రాడికేం కాలేదు!" అని. జనం లేచి నిలబడ్డారు. నా పక్కనున్న ఆవిడెవరో ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం ఒళ్ళో ఒంపేసుకుని మరీ కొట్టింది.

నేనూ కొట్టాను. అదీ నా ఖర్మ.

వద్దండీ, కాఫీ వద్దు. కూర్చోను కూడా. వారమంతా మిల్లులో సాక్సుల మిషను ముందు కూర్చునే ఉంటాను, ఇవాళ నిలబడే చెప్తాను. ఆ తలుపు కాస్త వేసెయ్యండి. మైకు ఆపేసే ఉందా? ఓసారి చూడండి. నా మాట ట్రాకంతా వినపడిందంటే కొంప మునుగుతుంది.

ఈ సాయంత్రం మా లోవెల్‌ని రేసులోకి దిగనివ్వకండి.

విన్నారుగా. ఇంకోసారి అనిపించకండి నాచేత.

ఏంటండీ అలా చూస్తారు? నాకేం పిచ్చెక్కలేదు. గేటు దగ్గర గోడ మీద వాడి బొమ్మ అంటించారు, చూసే వచ్చాను. షార్లెట్ నించి బ్రాకెన్ గారు వాడికోసమే వస్తున్నారు, తెలుసు. ఇవాళ తోలింది నచ్చితే వచ్చే ఏడు పెద్ద రేసుల్లో తన కారు చేతికిస్తానన్నారు, అదీ తెలుసు. ఈ కొండల్లో అలాంటి కబురు ఇంకెవరికైనా వచ్చిందా? మా ఆయన హోయ్ట్‌కి వచ్చిందా? మీరూ కుర్రతనంలో తోలారుగా, మీకొచ్చిందా?

నాకు తెలియక కాదండీ. తెలిసే వచ్చాను.

నేను కొడుకు కారెక్కగానే చర్చిలో దూరి మోకాళ్ళ మీద పడే తల్లిని కాదు. మీరెరుగుదురు. ఈ ట్రాకులో వాడు తోలిన ఒక్క రేసు కూడా నేను వదల్లేదు. వర్షమొచ్చి రద్దయినవాటికి కూడా వచ్చి తడిసిపోయాను. కాలిన రబ్బరు వాసన తగలకపోతే శనివారం శనివారంలా ఉండదు నాకు. ఆ బోడెన్ వాళ్ళ కుర్రాడు మావాణ్ణి గోడకి నొక్కితే, రేసయ్యాక వాడి వీపు మీద చేతిసంచీ పెట్టి బాదింది ఎవరు? నేనే కదా. మీరే వచ్చి విడదీశారు. "వర్నా, నిన్ను కూడా లైసెన్సు చూపించమంటాను" అన్నారు.

నవ్వొస్తోందా? నాకూ వచ్చేది, ఇదివరకైతే.

వాడి మొదటి రేసు గుర్తుందా? పదహారేళ్ళు వాడికి. నాలుగో మలుపులో బొంగరంలా తిరగడం, అందరూ దూసుకొస్తున్న వైపు మొహం పెట్టి నిలబడిపోవడం. మళ్ళీ తిప్పుకోవడం, మళ్ళీ తిరగడం. కొత్తగా దిగినవాళ్ళ కారుకి వెనక బంపరు మీద పసుపు పట్టీ వేయిస్తారుగా, వెనకొచ్చేవాళ్ళు జాగ్రత్తగా ఉండాలని? "మీవాడికి ముందు బంపరుకి కూడా వేయించు వర్నా, ఎటు చూస్తున్నాడో తెలియడంలేదు" అన్నారు మీరు. అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను, లోపల భగ్గుమంటున్నా సరే.

ఆ రాత్రి ఇల్లు చేరాక ట్రక్కు దిగకుండా "అమ్మా, నాన్న కూడా మొదట్లో ఇట్లాగే తిరిగేవాడా?" అన్నాడు. "నీకంటే ఎక్కువ తిరిగేవాడు" అన్నాను. అబద్ధమే. హోయ్ట్ మొదటిరోజు నించీ గీత గీసినట్టు తోలేవాడు. అయినా ఆ అబద్ధంతో వాడి మొహం విచ్చుకుంది.

ఆ పట్టీ పీకే రోజు రావడానికి రెండేళ్ళు పట్టింది. పీకి తెచ్చి వంటింట్లో నా ఏప్రనుకి అంటించాడు. "రేసుకారు వాడి తల్లివి కదా, కొత్తదానివి, అందరూ జాగ్రత్తగా ఉండాలి" అని. ఆ వేసవే మొదటిసారి గెలిచాడు. గెలిచి, కప్పు వదిలేసి, కంచె ఎక్కి నా దగ్గరికొచ్చి, ఆ చెమట ఒంటితో నన్నెత్తి గిరగిరా తిప్పాడు. అంతమందిలో! సిగ్గుతో చచ్చాననుకోండి. అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ ఎరగను నేను.

అట్లాంటి పిల్లాడి నోటి దగ్గర కూడు లాగెయ్యమని మిమ్మల్ని అడగడానికి వచ్చానండీ.

అదే చెప్తున్నా, ఆగండి. తొందరపెట్టకండి. ఇది చెప్పడం నాకు రావట్లేదు.

ప్రతి శనివారం డ్రైవర్లందర్నీ కూర్చోబెట్టి మీరు చదివే రూలుందే. నాకు కంఠతా వచ్చు. "కారు గుద్దుకున్నాక ఒంటికేం కాకపోతే కిటికీ వల గొళ్ళెం తీసి కిందికి దించండి. వల దిగితే మీరు బాగున్నట్టు. దిగకపోతే అంబులెన్సు పరిగెత్తుకొస్తుంది." మంచి రూలే. నేను కాదన్నానా? అంత దూరంలో, అంత పొగలో, లోపలివాడు ఉన్నాడో పోయాడో ఇంకెట్లా తెలుస్తుంది ఎవరికైనా?

హోయ్ట్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. అందరికంటే ముందు పరిగెత్తింది మీరే. నాకు ఆరోజు గుర్తున్నదల్లా ఆ వల. పొగ పోయింది, దుమ్ము అణిగింది, వల మాత్రం అట్లాగే ఉంది. లోవెల్‌కి ఎనిమిదేళ్ళు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని "ఇప్పుడు దించుతాడమ్మా. ఇదిగో ఇప్పుడు దించుతాడు" అంటున్నాడు. మీరొచ్చి నా ముందు అడ్డంగా నిలబడేదాకా నేను చూస్తూనే ఉన్నాను. వాడు మీ నడుం పక్కనించి తొంగి ఇంకా చూస్తున్నాడు.

అందుకే, తోలతానని వాడు అడిగినప్పుడు ఒకే ఒక్క షరతు పెట్టాను. ఏమైనా కానీ, ఎంత గుద్దుకోనీ, అన్నిటికంటే ముందు వల దించాలి. ఇంజను ఆపడం తర్వాత. బెల్టు విప్పుకోవడం తర్వాత. ముందు నాకోసం వల.

మాటతో ఊరుకోలేదు నేను. పెరట్లో పాత షెవీ కారు డొక్కు ఒకటి ఉండేది, హోయ్ట్ వదిలేసి పోయింది. దానికి వల కట్టాను. కుర్రాణ్ణి అందులో కూర్చోబెట్టి, కళ్ళకి గిన్నెలు తుడిచే గుడ్డ కట్టేదాన్ని. చీపురుకర్ర తీసుకుని పైకప్పు మీద దభీమని ఒక్కటి వేసేదాన్ని. వాడి ఎడం చెయ్యి లేచి గొళ్ళెం లాగెయ్యాలి. ఆలోచించకూడదు. ఆలోచిస్తే మళ్ళీ వేసేదాన్ని. పక్కింటి ఆర్డిత్ కంచె మీంచి చూసి "నీకేం పొయ్యేకాలమే వర్నా, పిల్లాణ్ణి అట్లా జడిపిస్తున్నావు" అని తిట్టింది. మావాడు గుడ్డ విప్పి "లేదు ఆంటీ, మా అమ్మ నాకు బతకడం నేర్పిస్తోంది" అని నవ్వాడు.

ఆ చలికాలమంతా అదే పని మాకు. చివరికి ఎట్లా తయారయ్యాడంటే, సోఫాలో పడి నిద్రపోతున్నప్పుడు గాలికి తలుపు దబ్బుమంటే ఎడం చెయ్యి లేచి గాల్లో గొళ్ళెం లాగేది. కళ్ళు మూసే ఉండేవి. గురక కూడా ఆగేది కాదు. చూసి మురిసిపోయాను. ఇక భయంలేదనుకున్నాను.

అర్థమైందా ప్రూయిట్ గారూ?

ఇంకా కాలేదా?

పోయిన శనివారం వల దించింది మావాడు కాదండీ. వాడి చెయ్యి. వాడు ఆ కారులో లేడు. కారు గోడకి గుద్దుకుని తల అదిరినప్పుడే ఎక్కడికో పోయాడు. చెయ్యి మాత్రం నేను నేర్పింది నేర్పినట్టు చేసేసింది. మీ రూలుకి అది 'బాగున్నాను' అని. వాడి చేతికి తెలిసింది ఒక్కటే, పైన అమ్మ చూస్తోందని.

వల దిగింది కాబట్టి అంబులెన్సువాడు నోట్లో సిగరెట్ కూడా తియ్యలేదు. వల దించి కాళ్ళ మీద నడిచొచ్చినవాణ్ణి డాక్టరు చూడక్కర్లేదు. అంతేగా? దిగాడు, నడిచాడు. మీరు గమనించారో లేదో, గ్యాలరీ ఇటుంటే వాడు అటు తిరిగాడు. వెనకవైపు పైన్ చెట్లకి చెయ్యి ఊపాడు. "భలే కొంటె కుర్రాడు" అని జనం విరగబడి నవ్వారు.

నాకప్పుడే అనుమానమొచ్చింది. అయినా ఏమో, నిజంగానే కొంటెతనమేమో అనుకున్నాను. అట్లా అనుకోవాలని ఉంది మరి.

మర్నాడు ఆదివారం. చర్చి నించొచ్చి బీన్సూ మొక్కజొన్న రొట్టే పెట్టాను. తింటూ తింటూ తలెత్తి, "నాన్న ఎన్నో స్థానంలో వచ్చాడు?" అన్నాడు.

హోయ్ట్ పోయి పన్నెండేళ్ళు.

వాడు నా మొహం చూశాడు, చూసి తమాయించుకుని "ఊరికే అన్నానమ్మా, ఆట పట్టిద్దామని" అన్నాడు. తండ్రి పేరు మీద ఆట పట్టించే పిల్లాడు కాదండీ వాడు. ఆయన కుర్చీలో ఇంకొకళ్ళని కూర్చోనివ్వడు ఇప్పటికీ.

ఇక అప్పట్నించీ రోజుకొకటి. పొద్దున్నే స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని వాంతి చేసుకుంటాడు, నాకు వినపడకూడదని. వంటింట్లో నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తింటాడు, వెలుతురు గుచ్చుకుంటోందిట. గ్లాసు పక్కన బల్ల మీద మజ్జిగ పోసి, అది కారిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు ఓ రోజు. మిల్లు దగ్గర నన్ను దింపడానికొచ్చి, పుట్టినప్పట్నించీ తిరిగిన రోడ్డులో ట్రక్కు ఆపేసి, "ఎటు తిరగాలి?" అనడు, పాపం. "ఇవాళ నువ్వు చెప్పమ్మా దారి, చూద్దాం నీకు గుర్తుందో లేదో" అంటాడు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళొచ్చుగా అంటారా? ఎన్నిసార్లు బతిమాలానో ఆ దేవుడికి తెలుసు. రాడు. ఎందుకు రాడో మీకు తెలియదా? చెయ్యి విరిగిందంటే కట్టు కట్టించుకుని రమ్మంటారు. కాలు విరిగితే కుంటుతూ వచ్చినా కారెక్కిస్తారు. 'తల' అని ఒక్కసారి కాగితం మీద పడిందా, ఇక ఏ ఓనరూ స్టీరింగ్ ముట్టుకోనివ్వడు. పాపం మంచి కుర్రాడు అంటారు, భుజం తడతారు, సాగనంపేస్తారు. వాడు ఇరవయ్యేళ్ళకే అట్లా ఇంట్లో కూర్చోవాలి. కారు తోలడం తప్ప ఏ పనీ రాదు వాడికి. నేర్చుకోలేదు. నేను నేర్చుకోమనలేదు.

గురువారం దాకా నేనూ నోరుమూసుకునే ఉన్నాను. తగ్గిపోతుందిలే అనుకుంటూ.

గురువారం ప్రాక్టీసుకి మీరున్నారుగా, చేతిలో వాచీ పట్టుకుని. అందరికంటే వేగం వాడిదే. "వర్నా, వీడు హోయ్ట్‌ని మించిపోయేట్టున్నాడు" అన్నారు. నిజమే. ఒక్క మలుపులో వెంట్రుకవాసి తేడా లేదు. నేను కంచె పట్టుకుని చూస్తూ, అమ్మయ్య, తగ్గిపోయింది, నా పిల్లాడు నాకు తిరిగొచ్చేశాడు అనుకున్నాను. ఏడుపొచ్చింది.

కారాపి దిగాడు. హెల్మెట్ తీశాడు. జుట్టంతా చెమట. నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా చెవి దగ్గర వంగి అడిగాడు.

"అమ్మా, నా వంతు ఎప్పుడు?"

...ఒక్క నిమిషం ఉండండి.

నీళ్ళివ్వండి కాసిని.

"అయిపోయిందిరా" అన్నాను. "ఏది అయిపోయింది?" అన్నాడు. వెనక్కి తిరిగి కారు చూసుకున్నాడు. ఇంజను ఇంకా వేడిగా టిక్కుటిక్కుమంటోంది. తన చేతులకున్న గ్లవ్స్ చూసుకున్నాడు. అప్పుడు తెలిసింది వాడికి. అప్పటిదాకా నాకు దాస్తున్నాననుకున్నాడు, తనకి తెలియకుండా కూడా ఏదో జరుగుతోందని అప్పుడే తెలిసింది. వాడి కళ్ళల్లో ఆ భయం ఉందే, ఎనిమిదేళ్ళప్పుడు మీ నడుం పక్కనించి తొంగిచూసినప్పుడు ఉన్న భయమే అది.

ట్రక్కులో కూర్చున్నాక నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "చెప్పకమ్మా. శనివారం ఒక్కటి తోలనియ్యి. బ్రాకెన్ గారు సంతకం పెట్టేస్తారు, ఆ తర్వాత చలికాలమంతా పడుకుంటాను, నువ్వేం చెప్తే అది చేస్తాను" అన్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను తల అడ్డంగా ఊపేసరికి చేతులు వదిలేశాడు. "ప్రూయిట్ గారికి చెప్పావంటే నాకు తల్లి లేదనుకుంటాను. నాన్నతోపాటే పోయావనుకుంటాను" అన్నాడు.

వాడు ఊరికే అనే రకం కాదండీ. హోయ్ట్ కొడుకు. హోయ్ట్ తన అన్నతో ఒక్క మాట మీద తెగతెంపులు చేసుకున్నాడు, చచ్చేదాకా మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఏమంటారూ? ఇవాళొక్కటీ తోలనిద్దామా? మీరు కూడా అదే మాటా? ఇవాళ కాదు రేపు గుద్దు అంటే వింటుందా ఆ గోడ? ఇంకొక్క దెబ్బ తగిలితే? ఆ చెయ్యి మళ్ళీ లేచి వల దించేస్తుంది, మళ్ళీ చప్పట్లు కొడతారు మీరంతా, లోపల నా పిల్లాడు... వద్దు. నాచేత అనిపించకండి.

ఊఁ. ఏంటీ? తనిఖీలో కారు ఎత్తు రూలుకంటే తక్కువుందని చెప్పి వెనక్కి పంపేస్తారా?

...మంచివారండీ మీరు. ఎప్పుడూ మంచివారే.

నిజం చెప్పనా, మీరా మాట అనగానే ప్రాణం లేచొచ్చింది. నా పేరు బయటికి రాదు. వాడు మిమ్మల్ని నాలుగు బూతులు తిట్టుకుంటాడు, ఇంటికొచ్చి నేను వండింది తింటాడు. ఎంత హాయి! కానీ ఎన్నాళ్ళు? పై వారం కారు ఎత్తు సరిచేసుకుని ఇంకో ట్రాకుకి పోతాడు, అక్కడ వీడి సంగతి ఎవరికి తెలుసు? బ్రాకెన్ గారు అక్కడికే వచ్చి చూస్తారు. లాభంలేదు. తల అని రాయాలి మీరు. డాక్టరు బాగుందని చెప్పేదాకా ఎక్కడా కారెక్కనివ్వద్దని అన్ని ట్రాకులకీ ఫోను చెయ్యాలి. బ్రాకెన్ గారికి కూడా.

నాకు తెలుసు, దాంతో ఆ సీటు పోతుందని. మళ్ళీ రాదని కూడా తెలుసు.

మీరే కనిపెట్టినట్టు చెప్తారా? నమ్మడు. నా తలలో సంగతి మీకెలా తెలుసంటాడు. వాడి కారుకి పనిచేసే డ్యూయీని అనుమానిస్తాడు. వాడికున్నది ఆ ఒక్క స్నేహితుడు, వాణ్ణీ తన్ని తరిమేస్తాడు. ఉన్నదంతా పోయే రోజున స్నేహితుడన్నా మిగలాలి కదండీ.

అదిగో, వచ్చేశారు. ఆ ఎర్ర ట్రక్కు మాదే.

కారు దించుతున్నారు. ఎట్లా మెరుస్తోందో చూడండి, నిన్నంతా రుద్దుతూనే ఉన్నాడు. ఏంటి, దాని చుట్టూ తిరుగుతున్నాడేం? ఏ పక్కనించి ఎక్కాలో తెలియకా... కాదులెండి. టైర్లు చూసుకుంటున్నాడు. అన్నీ అనుమానాలే నాకు. బాగున్నాడు కదూ ఆ చొక్కాలో? బ్రాకెన్ గారొస్తారని ఇస్త్రీ చేసిపెట్టమన్నాడు. పొద్దున చేసిపెట్టాను. చేసిపెట్టి ఇక్కడికొచ్చాను.

ఇటు చూశాడు.

చూశాడండీ. నేనిక్కడెందుకున్నానో తెలిసిపోయింది. డ్యూయీ ఏదో అంటుంటే తోసేసి వస్తున్నాడు.

వద్దు, మీరు ఎదురెళ్ళకండి. ఆ మెట్లు చిన్నప్పట్నించీ ఎక్కినవే, మర్చిపోడు. గడియ తీసి ఇటొచ్చి నిలబడండి. మీరేం మాట్లాడద్దు.

ఒక్కడేనండీ నాకు. పోతే పోనివ్వండి, నన్నొదిలేసి. ఎక్కడో ఒక ఊళ్ళో పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, బట్టతల వచ్చి, ముసలివాడై, "మా అమ్మే నా బతుకు నాశనం చేసింది" అని మనవలకి చెప్పుకోనివ్వండి. నా పేరెత్తితే ఉమ్మెయ్యనివ్వండి. అట్లా తిట్టుకోవడానికి వాడు ఉంటే చాలు నాకు.

రా నాన్నా. లోపలికి రా. ఆయన వంక చూడకు, ఆయనకేం తెలీదు. చెప్పింది నేను.